కోడి లేని పొదుగు: గుడ్డుకు వేడి ఎంత? తడి ఎంత?



స్టోరు రూములో వంటగది గోడ పక్కన ఒక చెక్కపెట్టె, దానికి చుట్టిన గోనెసంచి, లోపల వెలిగే బల్బు మీరంతా చూసే ఉంటారు. "అందులో ఏముందిరా?" అని నన్ను అడగనివాడు లేడు. డిసెంబరులో ఒకసారి, సంక్రాంతి సెలవుల తర్వాత ఇంకోసారి ఆ పెట్టెలో కోడిగుడ్లు పొదగేశాను. మొదటిసారి ఎక్కువ గుడ్లు పాడైపోయాయి. రెండోసారి బాగా వచ్చాయి. తేడా ఎక్కడుందో గోడపత్రికకు రాయమని సైన్సు మాస్టారు చెప్పారు. అందులో నా తప్పు కూడా ఉంది. అది కూడా రాస్తున్నాను.

ఎందుకు మొదలుపెట్టాను?

మా అమ్మమ్మకు ఉన్న పెట్టకోడి ఒక్కటే. మా పాడేరు కొండల్లో కోళ్లంటే కూరకి కాదని మీకు తెలుసు. సంతలో ఒక పుంజుని అమ్మితేనే నాకు నోటు పుస్తకాలు, అమ్మమ్మకి కళ్ల మందు. ఆ పెట్ట గుడ్లన్నీ పెట్టేసి రేపో మాపో పొదుగుకి కూర్చుంటుందనగా ఒక రాత్రి అడవిపిల్లి ఎత్తుకుపోయింది. బుట్టలో 12 గుడ్లు మిగిలాయి. "ఇంకేటి సేత్తాం, కూర వండేత్తాను" అంది అమ్మమ్మ. నేను వద్దన్నాను. బల్బు వేడితో పొదగెయ్యొచ్చని సైన్సు క్లాసులో విన్నాను, నాకియ్యమన్నాను. "ఏట్రా, కోడి పని బల్బు సేత్తదా?" అని నవ్వింది. నవ్వినా, బుట్టలో ఊక పోసి గుడ్లు సర్ది నా చేతికిచ్చింది.

వార్డెన్ గారు మూడు షరతులతో ఒప్పుకున్నారు. వైర్లు మాస్టారే బిగించాలి, స్టడీ అవర్ మానకూడదు, చదువులో మార్కులు తగ్గకూడదు.

కోడి చేసే పనులు నాలుగు

కోడి ఊరికే కూర్చున్నట్టు కనబడుతుంది గాని 21 రోజులు నాలుగు పనులు చేస్తుంది.

1. వేడినిస్తుంది. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. పొదుగుకి వచ్చినప్పుడు పొట్ట కింద ఈకలు రాలి చర్మం నేరుగా గుడ్డుకు తగులుతుంది. గుడ్డు లోపల సుమారు 38 డిగ్రీలు ఉంటుంది.
2. గుడ్డు ఒక్కసారిగా ఎండిపోకుండా కాపాడుతుంది.
3. ముక్కుతో గుడ్లు తిప్పుతుంది. తిప్పకపోతే లోపలి పిండం ఒకవైపుకి చేరి పొరకు అంటుకుపోతుంది.
4. మేతకి, నీళ్లకి లేచి వెళ్లి వస్తుంది. అప్పుడు గుడ్లకు గాలి ఆడుతుంది.

కోడి లేనప్పుడు ఈ నాలుగూ మనమే చెయ్యాలి.

పెట్టె

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న పాత చెక్కపెట్టె తీసుకున్నాను. ఒక చివర రెండు బల్బులు, ఒకటి 60 వాట్లు, ఒకటి 40 వాట్లు. ఎల్ఈడీ బల్బు పనికిరాదు. అది వెలుగిస్తుంది గాని వేడి చాలదు. పాత రకం ఫిలమెంట్ బల్బే కావాలి. బల్బులకి అడ్డంగా చిల్లులు పొడిచిన రేకు డబ్బా పెట్టాం. లేకపోతే పుట్టిన పిల్లలు వెళ్లి కాల్చుకుంటాయి. ఊక గాని, గుడ్డపేలిక గాని, గోనె గాని బల్బుకి దగ్గరగా ఉండకూడదు, అంటుకుంటుంది. పక్కల కింద నాలుగు, పైన నాలుగు వేలెడేసి కన్నాలు. గుడ్డులో పిల్ల కూడా గాలి పీలుస్తుంది కాబట్టి ఎంత చలేసినా కన్నాలు మూయకూడదు.

పగలు ఒక బల్బు, రాత్రి చలికి రెండూ వేసేవాణ్ణి. గుడ్లు పెట్టడానికి ముందు ఒక రోజంతా ఖాళీ పెట్టె వెలిగించి వేడి నిలకడగా ఉందో లేదో చూసుకోవాలి.

వేడి లెక్క

ఫ్యాను లేని మనలాంటి పెట్టెలో గుడ్ల పైభాగం ఎత్తులో 38.5 డిగ్రీలు ఉండాలి. అర డిగ్రీ అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి 37.5 చాలు. మన పెట్టెలో వేడిగాలి పైకి పోతుంది, అడుగున చల్లగా ఉంటుంది. అందుకని థర్మామీటరును గుడ్ల పైభాగం ఎత్తులోనే పెట్టాలి, బల్బుకి దూరంగా.

ఇక్కడ నా మొదటి పొరపాటు. సిస్టర్ గారి గదిలో జ్వరం చూసే పాత పాదరసం థర్మామీటర్ ఉంటే అడిగి తెచ్చి పెట్టాను. రాత్రి 9 గంటలకి 39 చూపించింది. తెల్లారి 4 గంటలకి లేచి చూస్తే అప్పుడూ 39. భలే నిలకడగా ఉందని మురిసిపోయాను. తీరా గుడ్డు ముట్టుకుంటే చల్లగా ఉంది! మాస్టారు చెప్పారు: జ్వరం థర్మామీటరులో బుడ్డి పైన సన్నని నొక్కు ఉంటుంది. పైకెక్కిన పాదరసం విదిలిస్తేనే గాని దిగదు. అంటే అది ఇప్పటి వేడి చెప్పదు, అన్నిటికన్నా ఎక్కువైన వేడి ఎంతో చెబుతుంది. ఆ తర్వాత ల్యాబులోని మామూలు థర్మామీటర్ పెట్టాం.

వేడి తగ్గడం కన్నా ఎక్కువవడం ప్రమాదం. కరెంటు పోయి రెండు మూడు గంటలు చల్లబడినా గుడ్లు వెంటనే చావవు, పిల్లలు దిగడం ఆలస్యమవుతుంది. 40 దాటి గంటల తరబడి ఉంటే మాత్రం లోపలే చచ్చిపోతాయి. కరెంటు పోతే పెట్టె మీద దుప్పటి కప్పి, వేడినీళ్ల సీసాలు లోపల పెట్టాలి.

తడి లెక్క

వేడి గురించి అందరూ అడుగుతారు. తడి గురించి ఎవరూ అడగరు. నేనూ అడగలేదు.

గుడ్డు పెంకుకి కంటికి కనబడని కన్నాలు వేలకొద్దీ ఉంటాయి. వాటిలోంచి నీరు ఆవిరై పోతూ ఉంటుంది. పోయినంత మేర గుడ్డు లావు చివర గాలి గది పెరుగుతుంది. పిల్ల పెంకు పగలగొట్టే ముందు తన మొదటి ఊపిరి ఆ గదిలోనే తీసుకుంటుంది. అందుకని నీరు కొంత పోవాలి. 18 రోజుల్లో గుడ్డు బరువు వందకి 12, 13 వంతులు తగ్గాలి. తేమ మరీ ఎక్కువైతే గాలి గది చిన్నదై పిల్లకి ఊపిరి ఆడదు. మరీ తక్కువైతే పొర ఎండి పిల్లకి అంటుకుపోతుంది.

తేమ కొలవడానికి కొత్త పరికరం కొననక్కర్లేదు. రెండు థర్మామీటర్లు చాలు. ఒకదాని బుడ్డికి దీపం వత్తి చుట్టి, వత్తి చివర చిన్న సీసాలో నీళ్లలో ముంచాలి. నీరు ఆవిరవుతూ బుడ్డిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లబరుస్తుంది.

1 నుంచి 18 రోజులు: పొడిది 38.5, తడిది 29.5. తేడా 9 డిగ్రీలు. తేమ సుమారు 50 శాతం.
19 నుంచి 21 రోజులు: పొడిది 38.5, తడిది 33.5. తేడా 5 డిగ్రీలు. తేమ సుమారు 70 శాతం.

తేమ పెంచాలంటే లోతైన గ్లాసు కాదు, వెడల్పాటి పళ్లెం పెట్టాలి. నీరు ఎంత లోతుందని కాదు, ఎంత మేర గాలికి తగులుతోందన్నదే లెక్క. పోసేది గోరువెచ్చని నీళ్లే పొయ్యాలి.

మొదటిసారి ఏం జరిగింది?

డిసెంబరులో మన దగ్గర పొగమంచు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆరేసిన బట్టలు మధ్యాహ్నానికి కూడా ఆరవు. ఇంత చెమ్మ ఉండగా పెట్టెలో మళ్లీ నీళ్లెందుకని పళ్లెం తీసేసి చిన్న మూత పెట్టాను. ఇది రెండో పొరపాటు.

తర్వాత మాస్టారు బోర్డు మీద లెక్క వేసి చూపించారు. చల్లని గాలి పట్టుకోగల నీరు చాలా తక్కువ. 10 డిగ్రీల చలిలో గాలి నిండా తేమతో ఉన్నా, అదే గాలిని 38 డిగ్రీలకి వేడి చేస్తే దాని తేమ 20 శాతం కన్నా తక్కువకి పడిపోతుంది. అంటే బయట మంచు కురుస్తుంటే పెట్టెలో ఎండాకాలం అన్నమాట! చలికాలంలోనే నీళ్లు ఎక్కువ కావాలి.

మూడో పొరపాటు పెద్దది. 7వ రోజు చీకట్లో టార్చి మీద పెట్టి చూస్తే 12 గుడ్లలో రెండు తేటగా ఉన్నాయి, ఒకదానిలో రక్తపు గీత గుండ్రంగా ఉంది, అది చచ్చినట్టు. మిగతా 9 గుడ్లలో సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు. 20వ రోజు సాయంత్రం గుడ్లలోంచి కీచుకీచుమని వినబడింది. నా సంతోషం పట్టలేక మూత తీసి చూశాను. మీలో చాలామందిని పిలిచి చూపించాను. ఆ రాత్రి పది పదిహేను సార్లు తీసి ఉంటాను. తీసినప్పుడల్లా ఉన్న కాస్త తడిగాలి బయటకు పోయింది, పొగమంచు చలిగాలి లోపలికి వచ్చింది.

తెల్లారేసరికి మూడు పిల్లలు దిగాయి. ఆరు గుడ్లు చిల్లు పడినవి పడినట్టే ఆగిపోయాయి. మర్నాటికి కదల్లేదు.

వార్డెన్ గారు అడిగితే "రాత్రి కరెంటు పోయింది సార్" అన్నాను. కరెంటు పోయింది నిజమే గాని అరగంటే. సంత రోజు అమ్మమ్మకి కూడా అదే చెప్పాను. "పోనీలేరా, కరెంటు మన సేతిలో ఉందా" అంది. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు. మాస్టారు ఆ ఆరు గుడ్లూ విప్పి చూపించారు. పిల్లలు పూర్తిగా తయారై ఉన్నాయి. పొర ఎండు కాగితంలా ఈకలకి అతుక్కుని ఉంది. "చలికి చస్తే ఇలా ఉండదు. ఇది తడి లేక జరిగింది" అన్నారు. అప్పుడు కూడా నేను నోరు మెదపలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తప్పు కరెంటుది కాదు, నాది. వార్డెన్ గారు మన్నించాలి.

రెండోసారి

సంక్రాంతికి ఇళ్లకి వెళ్లినవాళ్లు తలా ఒకటీ రెండూ తెచ్చి 10 గుడ్లు ఇచ్చారు. అన్నీ వారం లోపువే. పెట్టె మూతకి పాత కిటికీ అద్దం బిగించాం. చూడాలంటే అద్దంలోంచే చూడాలి. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో ఒకవైపు గుణకారం గుర్తు, ఇంకోవైపు సున్నా, పక్కన బరువు రాశాం. తిప్పడం మన హాస్టల్ గంటల ప్రకారమే: లేచే గంట, టిఫిను గంట, మధ్యాహ్నం భోజనం, బడి వదిలాక, రాత్రి పడుకునే గంట. రోజుకి ఐదుసార్లు. మూడు గాని ఐదు గాని బేసి సంఖ్య ఉంటే, ఎక్కువసేపు ఉండే రాత్రి ఒకరోజు ఒకవైపు, మర్నాడు రెండోవైపు పడుతుంది.

7వ రోజు రెండు తేట గుడ్లు తీసేశాం. మిగతా 8 గుడ్ల మొదటి బరువు 336 గ్రాములు. 18వ రోజు తూస్తే 294. తగ్గింది 42 గ్రాములు, అంటే పన్నెండున్నర శాతం. మాస్టారు నా వీపు తట్టారు. ఆ రోజు నుంచి తిప్పడం ఆపి, వెడల్పు పళ్లెం పెట్టి, గోడకి తడిగుడ్డ వేలాడదీసి మూత వేసేశాం. మళ్లీ తియ్యలేదు. పిల్లలు అరిచినా తియ్యలేదు! పెంకు చిట్లాక పూర్తిగా బయటికి రావడానికి కొన్నిటికి ఒక రోజు పడుతుంది. పొట్టలోకి పీల్చుకున్న పచ్చసొనతో రెండు రోజులు మేత లేకుండా ఉండగలవు. అందుకని తొందరేమీ లేదు. 8 గుడ్లకి 7 పిల్లలు దిగాయి.

గుర్తుంచుకోండి

1. మురికి, పగులు ఉన్న గుడ్లు వద్దు. కడగవద్దు. సన్నని చివర కిందికి ఉంచి చల్లని చోట దాచాలి.
2. చేతులు కడుక్కునే గుడ్లు ముట్టుకోవాలి.
3. 18 రోజులు తిప్పాలి, తర్వాత ముట్టుకోకూడదు.
4. చివరి మూడు రోజులు తేమ పెంచాలి, మూత తియ్యకూడదు.
5. చిల్లు పెట్టిన పిల్లకి సాయం చేస్తున్నామని పెంకు ఒలవకూడదు.

చాలామంది అడిగిన ప్రశ్న: హాస్టల్లో మనకి పెట్టే గుడ్డు పొదగేస్తే పిల్ల వస్తుందా? రాదు. ఫారాల్లో గుడ్ల కోసం పెంచే పెట్టల దగ్గర పుంజులు ఉండవు.

మీకు తెలుసా? ఈజిప్టులో వేల సంవత్సరాల క్రితమే మట్టి బట్టీల్లో గుడ్లు పొదగేసేవారు. అక్కడి పనివాళ్లు గుడ్డుని కనురెప్పకి ఆనించి వేడి సరిపోయిందో లేదో చెప్పేవారు. హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారైన వనరాజా కోడి పొదుగుకి కూర్చోదు. దాని గుడ్లకి నాటుకోడి గాని ఇలాంటి పెట్టె గాని కావాలి.

పిల్లల్ని అమ్మమ్మకి అప్పగించి నిజం చెప్పేశాను. తిట్టలేదు. "కోడి మూత తీసి సూడదు కదరా" అంది. మొదటి మూడింటిలో రెండు పెట్టల్లాగే ఉన్నాయట.

పెట్టె వార్డెన్ గారి అనుమతితో స్టోరు రూములోనే ఉంది. ఎవరింట్లో అయినా కోడి పోయి గుడ్లు మిగిలితే వారం దాటకుండా ఊకలో పెట్టి తీసుకురండి. థర్మామీటర్లు రెండూ చూడటం నేను నేర్పుతాను. తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థి