మైన్ అంటే నాదా, గనా?

ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని పుట్టుక గురించి రాద్దామనుకుంటే, గోదావరిఖని వాడిని కదా, నాకు ముందు తోచింది ‘మైన్’.

చిన్న క్లాసులో ‘మైన్’ అంటే ‘నాది’ అని నేర్పారు. తర్వాత ‘మై ఫాదర్ వర్క్స్ ఇన్ ఎ మైన్’ అని రాయించారు. అంటే బాపు ‘నాది’లో పని చేస్తాడా అని చాలా రోజులు తికమకపడ్డాను.

నిజానికి ఇవి ఒకేలా పలికే రెండు వేరే మాటలు. ‘నాది’ అనే మైన్ పాత ఇంగ్లీషు మాట. గని అనే మైన్ ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలం ఖనిజం అనే అర్థమున్న కెల్టిక్ మాట అంటారు. పూర్వం కోటగోడ కింద సొరంగం తవ్వి కూల్చడాన్ని కూడా మైన్ అనేవాళ్లు. మందుపాతరకు ల్యాండ్‌మైన్ అనే పేరు అట్లా వచ్చింది. మన సీఎస్‌ఈ వాళ్ల డేటా మైనింగ్‌లో తవ్వకం ఒక్కటే మిగిలింది, మసి అంటదు.

ఇక మన వైపు చూస్తే, సంస్కృతంలో ‘ఖన్’ అంటే తవ్వడం. దాన్నుంచి ఖని, ఖని నుంచి గని. మా ఊరి పేరులోనే ఆ మాట ఉంది. కానీ ఇంట్లో ఎవరూ గని అనరు, “బాపు బాయికి పోయిండు” అంటారు. బాయి అంటే బావి. నీళ్ల కోసం తవ్వినా, బొగ్గు కోసం తవ్వినా మాకు ఒకటే మాట.

మొన్న సెలవుల్లో బాపు “మా బాయి” అంటుంటే, “సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. నీదెట్లయితది బాపూ?” అన్నాను.

బాపు కాసేపు ఊరుకున్నాడు. “26 ఏండ్లు దిగిన. ఇంకెవ్వలది?” అన్నాడు.

డిక్షనరీ ప్రకారం ఆ రెండు మైన్‌లకు చుట్టరికం లేదు. ఆ సంగతి బాపుకు చెప్పలేదు.