వక్తను తీర్చిదిద్దు సభ

నలుగురు చెలికాండ్రతో గలగల ముచ్చటించు బాలుడు సభలో లేచి నిలువగానే మూగవాడగును. నాలుక పిడచకట్టును, కాళ్లు వణకును, వల్లించిన వాక్యములలో ఒక్కటియు జ్ఞప్తికి రాదు. దీనినే సభాకంపమందురు. ఇది మందబుద్ధులకు మాత్రమే కలుగునది కాదు. మహానుభావులను సైతము విడిచిపెట్టలేదు. దీనిని జయించుటకు వక్త పడవలసిన శ్రమ కలదు. అతని చుట్టునున్నవారు చేయవలసిన సాయము అంతకంటె తక్కువది కాదు. ఆ సాయమెట్టిదో తెలిసికొందము.

మోహనదాసు కరంచందు గాంధి 1888వ సంవత్సరమున న్యాయశాస్త్రము చదువుటకై లండను నగరమునకు వెళ్లెను. అచ్చటి శాకాహార సంఘమున కార్యవర్గ సభ్యుడయ్యెను. సమావేశములకు పోవుచుండెడివాడు కాని నోరు విప్పెడివాడు కాడు. ఒకమారు వెంట్నరు అను సముద్రతీర పట్టణమున జరిగిన సభకు ఉపన్యాసము వ్రాసికొని పోయెను. అది ఒక కాగితమునకు మించలేదు. లేచి నిలువగానే ఆయన కన్నులు మసకలు క్రమ్మెను, దేహము వణకెను. వెంట వచ్చిన మజుందారు అను మిత్రుడు ఆ కాగితమును చదువవలసివచ్చెను. 1891లో స్వదేశమునకు మరలుచు గాంధి మిత్రులకు విందు చేసెను. హాస్యముతో ప్రసంగము నారంభింపదలచి లేచెను. మొదటి వాక్యము దాటలేక, వచ్చినవారికి కృతజ్ఞత తెలిపి కూర్చుండెను. ఈ సంగతులను ఆయన తన ఆత్మకథలో దాపరికము లేక వ్రాసికొనెను.

1893లో దక్షిణాఫ్రికాయందలి ప్రిటోరియా పట్టణమున గాంధి భారతీయ వర్తకుల సభలో ప్రసంగించెను. వర్తకమున సత్యము పాటింపవలెనన్నది ఆయన చెప్పదలచిన విషయము. దానిని గూర్చి ఆయన చక్కగా యోచించుకొని పోయెను. వినువారు పరదేశమున తనవలెనే అవమానములు పడుచున్నవారు. ఆనాడు ఆయన తడబడలేదు. తన జీవితమున అదియే మొదటి బహిరంగోపన్యాసమని ఆయన చెప్పుకొనెను. ఆ సభ ఒకనాటితో ముగియలేదు. తరచుగా కలిసికొనవలెనని అందరును నిశ్చయించిరి. ఆంగ్లము నేర్వగోరువారికి తానే నేర్పుదునని గాంధి మాట యిచ్చెను. ముగ్గురు ముందుకు వచ్చిరి: ఒక క్షురకుడు, ఒక గుమాస్తా, ఒక చిల్లర దుకాణదారుడు. మాటకు వెరచిన మనిషి ఇతరులకు మాట నేర్పుటకు పూనుకొనెను.

అయినను సభాకంపము ఒక్కనాట పోవునది కాదు. 1896లో బొంబాయి నగరమున ఒక మహాసభ జరిగెను. గాంధి వ్రాసి తెచ్చిన ఉపన్యాసము చదువనారంభించెను. ప్రక్కనున్న సర్ ఫిరోజిషా మెహతా గట్టిగా, ఇంకను గట్టిగా చదువుమని హెచ్చరించుచుండెను. ఆయన ఉద్దేశము మంచిదే. కాని ఆ హెచ్చరికలు వినినకొలదియు గాంధి స్వరము మరింత క్రుంగిపోయెను. తుదకు వాచా అను నాయకుడు లేచి ఆ ఉపన్యాసమును చదువగా సభ మిక్కిలి మెచ్చుకొనెను. ఉపన్యాసమున లోపము లేదు. ధైర్యము చెప్పుట వేరు, ధైర్యము కలిగించుట వేరు అని దీనివలన తెలియుచున్నది.

ధైర్యము కలిగించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో అమెరికా దేశీయుడైన రాల్ఫ్ స్మెడ్లీ ఒకడు. ఇతడు 1878లో జన్మించెను. చదువు ముగించి ఇల్లినాయి రాష్ట్రమందలి బ్లూమింగ్టన్ పట్టణమున క్రైస్తవ యువజన సంఘములో ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చటికి వచ్చు యువకులు నలుగురిలో మాటలాడజాలకుండుట చూచి, 1905లో వారికొక వక్తృత్వ సంఘము నేర్పరచెను. విందులలో వక్తలను పరిచయము చేయు పెద్దను ఆంగ్లమున టోస్టుమాస్టరందురు. ఆ పేరునే సంఘమునకు పెట్టెను. ఉద్యోగరీత్యా అతడు పోయిన ఊళ్లలోను ఇట్టి సంఘములను స్థాపించెను. కాని అతడు ఊరు విడిచిన పిమ్మట అవి క్రమముగా క్షీణించెను. తుదకు 1924లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాంటా ఆనా పట్టణమున, యువజన సంఘ భవనపు నేలమాళిగలో ఆరంభించిన సంఘము నిలిచి విస్తరించెను. నేడు నూరింటికి పైగా దేశములలో ఇట్టి సంఘములు కలవు. మన దేశమునను కలవు.

ఈ సంఘములలో గురువనువాడు వేరుగా లేడు. సభ్యులే ఒకరికొకరు గురువులు. ప్రతి సమావేశమునందును పనులు పంచబడును. ఒకడు సభను నడుపును. ఒకడు గడియారము చూచి కాలము తెలుపును. ఐదు మొదలు ఏడు నిమిషముల ప్రసంగమైనచో, ఐదవ నిమిషమున పచ్చదీపము, ఆరవ నిమిషమున పసుపుదీపము, ఏడవ నిమిషమున ఎఱ్ఱదీపము చూపును. ఒకడు భాషలోని మంచిచెడ్డలను గమనించును. మరియొకడు వక్త తడుముకొనుచు పలికిన వృథాశబ్దములను లెక్కించును. కొందరు అప్పటికప్పుడు ఇచ్చిన విషయముపై ఒకటి రెండు నిమిషములు మాటలాడుదురు. ప్రసంగించిన ప్రతివానికిని గుణదోషములు చెప్పుట కొక విమర్శకుడుండును. మరుసటి సమావేశమున ఈ పనులు చేతులు మారును. నేటి వక్త రేపటి విమర్శకుడు. తనకును ఆ వంతు వచ్చునని యెరిగినవాడు ఇతరుని తడబాటుకు నవ్వడు.

విమర్శకుని పని మిక్కిలి సున్నితమైనది. "నీ గొంతు వినబడలేదు" అని ఊరకుండినచో వక్త మరల లేవడు. "చాల బాగున్నది" అని ప్రతివారితోను చెప్పినచో ఎవ్వడును ఎదుగడు. మొదటిది గాయము, రెండవది మోసము. మంచి విమర్శకు డిట్లు చెప్పును: "ఏటిలో పడవ మునిగిన ఘట్టము నీవు వర్ణించునపుడు ముందువరుసలోని మేము ఊపిరి బిగబట్టి వింటిమి. వచ్చువారము చివరివరుసవైపు చూచి చెప్పుము. వారును మావలె విందురు." ఇందులో వక్త సాధించినదేదో తెలిసినది, సాధింపవలసిన దొక్కటి తెలిసినది. పది దోషములు ఒకేమారు చెప్పిన, వక్త ఒక్కదానిని దిద్దుకొనడు.

మన పాఠశాలలలోని సంఘములను చూడుడు. ఆరితేరిన నలుగురే ప్రతివారమును లేతురు. చప్పట్లు వారికే, బహుమానములును వారికే. తక్కినవారు బల్లలపై కూర్చుండి గంట కొరకు ఎదురుచూతురు. ఆ నలుగురును చదువు ముగించి వెడలిపోయిన పిదప సంఘమున దీపము పెట్టువాడుండడు. కావున సంఘము బ్రతుకవలెనన్నను వెనుకబల్లమీది బాలుని పలికింపవలెను. అతనిని తటాలున వేదికపైకి లాగరాదు. ఈ నెల కాలము చూచు పని ఇండు. పై నెల ఒక పద్యము చదువనిండు. ఆపై అతిథిని పరిచయము చేయనిండు. పిదప రెండు నిమిషములు, తరువాత ఐదు నిమిషములు. అతడు నేతపనివాని కుమారుడైనచో మగ్గమును గూర్చి, రైతుబిడ్డయైనచో వరినాట్లను గూర్చి చెప్పుమనవలెను. తా నెరిగిన విషయము చేతిలో ఊతకఱ్ఱ వంటిది. మధ్యలో మాట మరచిపోయినచో గుసగుసలాడక, అతని ముఖమువైపు చూచుచు ఓపికతో వేచియుండవలెను. ఆ క్షణమున సభ పాటించు మౌనమే గొప్ప సాయము.

సమర్థులను మాత్రము మరువవచ్చునా? వారికిని ప్రోత్సాహము కావలెను. అలవాటైన పద్ధతిని విడిచి క్రొత్తది ప్రయత్నింపుమని వారిని కోరవలెను. చిన్నవానికి చేయూత నిచ్చు పని వారికప్పగింపవలెను. నేర్పునపుడు తన విద్యయే పదునెక్కును.

మరియొక సంగతి కలదు. స్మెడ్లీ స్థాపించిన సంఘము యువకులకై పుట్టినది. 1973 వరకు అందు స్త్రీలకు సభ్యత్వము లేదు. 1924 నుండి లెక్కించిన, నలువదితొమ్మిది సంవత్సరములు తలుపు మూసియుండెను. లోపలివారి నెంత ఆదరించినను, వెలుపల నిలిచినవారిని గమనింపని సంఘము సగము సంఘమే. మీ సంఘమున బాలికలు మాటలాడుచున్నారా? నత్తిగలవాడు, ఊరికి క్రొత్తగా వచ్చినవాడు, వేరు యాసతో పలుకువాడు మాటలాడుచున్నారా? ఈ ప్రశ్నలకు జవాబే మీ సంఘమునకు కొలబద్ద.

విద్యార్థులారా! వెంట్నరు సభలో ఆ కాగితము నందుకొనిన మజుందారు నొకమారు తలంపుడు. ఆయన తన మిత్రుని ఎగతాళి చేయలేదు, విడిచిపోలేదు. వణకుచున్న ఆ యువకుని మాటను ఒకనాడు కోట్లాది ప్రజలు చెవియొగ్గి విందురని ఆయనకు తెలియదు. మీ ప్రక్కన మౌనముగా కూర్చున్న బాలునిలో, బాలికలో ఏమి దాగియున్నదో మీకును తెలియదు. వచ్చు శుక్రవారము సంఘము కూడునపుడు వారికొక చిన్న పని యిండు. వారు లేచి నిలిచినపుడు చక్కగా వినుడు.