ఫోనులో పెట్టిన రాత – చదువూ, ఉద్యోగమూ



మన హాస్టల్లో ఫోను ఉంచుకోనివ్వరు. అయినా దసరాకి, సంక్రాంతికి, వేసవి సెలవులకి ఇంటికి పోయామంటే అన్నయ్య ఫోనో, మావయ్య ఫోనో మన చేతిలోనే ఉంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ వయసు వేసి ఖాతా తెరిచినవాళ్ళు ఏడో తరగతిలోనే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. పేర్లు రాయనులెండి. అందుకే ఈ నెల ఈ విషయం తీసుకున్నాను.

ముందు క్రికెట్ సంగతి చెప్తా. 2021 జూన్ 2న లండన్‌లోని లార్డ్స్ మైదానంలో ఓలీ రాబిన్సన్ అనే ఫాస్ట్ బౌలరు ఇంగ్లండు తరఫున తన మొదటి టెస్టు మొదలుపెట్టాడు. ఎదుటి జట్టు న్యూజీలాండ్. అదే రోజు, అతను 2012–13లో ట్విట్టర్‌లో రాసిన రాతలు బయటికొచ్చాయి. జాతులను, ఆడవాళ్ళను కించపరిచే రాతలు. రాసినప్పుడు అతనికి 18, 19 ఏళ్ళు. ఆ సాయంత్రమే అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ మ్యాచ్‌లో 7 వికెట్లు తీశాడు, బ్యాటుతో 42 పరుగులు కూడా చేశాడు. ఏం లాభం? మ్యాచ్ అవగానే బోర్డు సస్పెండ్ చేసింది. తర్వాత విచారణ జరిపి 8 మ్యాచ్‌ల నిషేధం వేశారు. అందులో 5 మ్యాచ్‌ల శిక్షను రెండేళ్ళు పక్కన పెట్టారు. 3,200 పౌండ్ల జరిమానా కట్టించారు. అయితే ఒక మాట, అతని ఆట అంతటితో అయిపోలేదు. ఆగస్టులో తిరిగొచ్చి మన ఇండియా మీదే 5 వికెట్లు తీశాడు. అతనికి రెండో అవకాశం దొరికింది.

అదే ఇంగ్లండులో 2013 ఏప్రిల్‌లో పారిస్ బ్రౌన్ అనే 17 ఏళ్ళ అమ్మాయికి ఆ అవకాశం దొరకలేదు. కెంట్ ప్రాంతంలో పోలీసులకూ యువతకూ మధ్య పనిచేసే ఉద్యోగానికి ఆమెను ఎంపిక చేశారు. జీతం ఏడాదికి 15,000 పౌండ్లు. 14 నుంచి 16 ఏళ్ళ వయసులో ఆమె ట్విట్టర్‌లో రాసినవి పత్రికలో పడ్డాయి. కొద్దిరోజులకే ఆ పదవి వదులుకుంది. 14 ఏళ్ళంటే మన తొమ్మిదో తరగతి వయసే కదా!

చదువు విషయానికొస్తే, 2017లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం కనీసం పదిమందికి ఇచ్చిన సీట్లు వెనక్కి తీసుకుంది. వాళ్ళు ఫేస్‌బుక్‌లో లోపల్లోపల ఒక గ్రూపు పెట్టుకుని చెడ్డ బొమ్మలు, ఎగతాళి మాటలు పంపుకున్నారు. బయటివాళ్ళకి కనబడని గ్రూపు అనుకున్నారు పాపం. గ్రూపులో ఉన్నవాడే బయటివాడికి చూపిస్తాడన్నది మర్చిపోయారు.

మన దగ్గర ఇలా సీటు పోతుందా అని నన్ను అడిగారు. నిజం చెప్పాలంటే, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), నీట్, జేఈఈలలో సీటు ఇచ్చేది ర్యాంకును బట్టి, రిజర్వేషన్‌ను బట్టి. మన ఫేస్‌బుక్ ఎవరూ చూడరు. కానీ సర్కారు ఉద్యోగం వచ్చాక నింపే ఫారంలో మీ మీద పోలీసు కేసులున్నాయా అని అడుగుతారు. ఒక కులాన్ని, మతాన్ని తిట్టి పెట్టిన పోస్టు మీద కేసు కావచ్చు. ఇక పై చదువుకి అమెరికా వెళ్ళాలంటే వీసా ఫారంలో గత 5 ఏళ్ళలో వాడిన ఖాతాల పేర్లన్నీ రాయాలి. 2019 నుంచి ఈ నియమం ఉంది. 2025 జూన్‌లో విద్యార్థులు తమ ఖాతాలు అందరికీ కనబడేలా తెరిచి ఉంచాలని కూడా చెప్పారు. మనకెందుకు అమెరికా అంటారేమో! కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ విదేశీ చదువుకి ఏటా 20 మంది గిరిజన విద్యార్థులకు ఉపకార వేతనం ఇస్తుంది. ఆ 20లో మనవాళ్ళు ఒకరు ఉండకూడదా?

చట్టం పిల్లల మీద కొంచెం దయగానే ఉంది. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం, కొన్ని ఘోర నేరాలు తప్పించి, 18 ఏళ్ళలోపు చేసిన తప్పు తర్వాత ఉద్యోగానికి అడ్డు రాకూడదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం కూడా 2015 జనవరి నుంచి, పిల్లలు తాము పెట్టినదాన్ని తామే తీసేసుకునే హక్కు ఇచ్చింది. అయితే ఇతరులు దాచుకున్న నకళ్ళకి అది వర్తించదు. చిక్కంతా అక్కడే. మనం పెట్టిన ఫొటో కంపెనీ కంప్యూటర్‌కి పోతుంది, అక్కణ్ణుంచి చూసినవాళ్ళ ఫోన్లకి పోతుంది. వాడు స్క్రీన్‌షాట్ కొడితే అది వాడి సొంత ఫొటో. మనం చెరిపేది మన దగ్గరున్నదే. ఈ గోడపత్రిక మేలు, నెలాఖరుకి సారు కాగితం పీకేస్తే అయిపోయింది.

ఇదంతా పుస్తకం చూసి రాయలేదు. పోయిన వేసవిలో మా సంతలో అడ్డాకుల కట్టలు అమ్మే ఒక అవ్వ, మన కొండ భాషలో డబ్బు లెక్కపెట్టుకుంటుంటే నేను వీడియో తీశాను. కింద వెక్కిరింపు మాట ఒకటి రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. స్టేటస్ 24 గంటలకి దానంతటదే పోతుంది కదా అనుకున్నా. అసలు రెండు గంటలకే భయమేసి నేనే తీసేశాను. దసరాకి పక్క మండలం కుర్రాడొకడు, నాకు ముక్కూ మొహం తెలియదు, బస్సులో అదే వీడియో చూపించి నవ్వాడు. కింద నా మాటలు అలాగే ఉన్నాయి. తీసెయ్యమని బతిమాలితే నా ముందే తీసేశాడు. నీకెవరు పంపారురా అంటే ఏదో గ్రూపు పేరు చెప్పాడు.

ఆ అవ్వ నా తరగతి మిత్రునికి నాయనమ్మ. మెస్సులో మేమిద్దరం ఒకే వరసలో కూర్చుంటాం. ఇది రాసే ముందు వాడికి చెప్పాను. వాడికి అప్పటికే తెలుసు. ఎప్పుడో చూశాడట, ఇన్నాళ్ళూ నన్ను ఏమీ అనలేదు. పత్రికలో రాసుకో, అవ్వకి మాత్రం చెప్పొద్దురా అన్నాడు.