మూగజీవికి తోడు

అమెరికాలో పెంపుడు జంతువును దూరప్రాంతానికి పంపవలసిన యజమాని, తాను స్వయంగా వెళ్లలేనప్పుడు వేతనమిచ్చి మరొకరిని విమానంలో తోడు పంపడం కలదు. పగ్ వంటి పొట్టిముక్కు కుక్కలకు శ్వాస సులువుగా ఆడదు. అందువలన పలు విమానసంస్థలు వాటిని సరకుల అరలో అంగీకరించవు. అట్టివాటికి తోడుమనిషి ఎంతో అవసరం.

విమానసంస్థ దృష్టిలో జంతువు బాధ్యత దానితో ప్రయాణించే వ్యక్తిదే. అతడు తన టికెట్టుతోపాటు జంతువుకు వేరుగా రుసుము చెల్లించాలి. ముందు సీటు కింద ఇమిడే సంచిలోనే దానిని ప్రయాణమంతా ఉంచాలి. అందులో అది నిలబడి, అటూ ఇటూ తిరుగగలగాలి. మత్తుమందిచ్చిన జంతువులను సంస్థలు సాధారణంగా అనుమతించవు. ఆ మందు ఆకాశంలో ప్రాణాపాయం కలిగించవచ్చును.

వయస్సుకు సంబంధించిన నియమాలు కూడా ఉన్నవి. 1966 నాటి జంతుసంక్షేమ చట్టం కింది నిబంధనలు, 8 వారాలు నిండని కుక్కపిల్లల వాణిజ్య రవాణాను నిషేధించినవి. విదేశాలనుండి అమెరికాలో ప్రవేశించే కుక్కకు 2024 ఆగస్టు 1 నుండి కనీసం 6 నెలల వయస్సు, చర్మం కింద గుర్తింపు చిప్ ఉండాలి.

తన బాధను చెప్పుకోలేని ప్రాణిని పరుల చేతికి అప్పగించే యజమాని, వేతనం మాట్లాడుకొనుటకు ముందే ఆ వ్యక్తికి ఈ నియమాలు తెలియునో లేదో విచారించుట శ్రేయస్కరం.