రక్తం చెప్పేది కొంతే: కాలేయ కేన్సర్ పరీక్షలపై అనుభవ పాఠాలు

ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ పరీక్షలు చేసి రిటైరైన వాణ్ణి. ఒక్క రక్తపు చుక్కతో కాలేయ కేన్సర్ పట్టేయొచ్చట కదా అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్లకు చెబుతున్న మాటలే ఇవి.

1. ఏఎఫ్‌పీ నార్మల్‌గా వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్. దానికీ ఈ కేన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1963-64లో సోవియట్ శాస్త్రవేత్తలు అబెలెవ్, టటారినోవ్ బయటపెట్టారు. అరవై ఏళ్లు దాటినా డాక్టర్లు దాన్నే రాస్తున్నారు, చవక గనక. కానీ గడ్డ చిన్నగా ఉన్నప్పుడు చాలామందిలో అది మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు దాటదు. మరోపక్క గర్భిణులకు పెరుగుతుంది, హెపటైటిస్ ఉద్ధృతమైనా పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి ఏడ్చినవాళ్లను చూశాను, దేవుడికి కొబ్బరికాయ కొట్టినవాళ్లనూ చూశాను. ఇద్దరిదీ తొందరపాటే.

2. రక్తంలోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కొలిచి ఈ కేన్సర్‌ను పట్టొచ్చన్న ఆశ ఉత్తదేమీ కాదు. ఇవి సుమారు 22 అక్షరాల పొట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయి. వీటిని 1993లో ఒక నులిపురుగులో గుర్తించినందుకు ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. మామూలు ఆర్‌ఎన్‌ఏ రక్తంలో పడితే ఎంజైములు నమిలేస్తాయి. ఇవి ప్రోటీన్లను అంటిపెట్టుకునో, సన్నని కొవ్వు పొరల సంచుల్లో దాక్కునో నిలబడతాయి. అందుకే కొలవగలుగుతున్నాం.

3. కాలేయం నుంచి వచ్చిందల్లా కేన్సర్ కబురు కాదు. కాలేయ కణాల్లోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలో అధిక భాగం 122 నంబరుదే. కామెర్లొచ్చినా, పారాసిటమాల్ మోతాదు మించి మింగినా అది రక్తంలోకి వస్తుంది. కుండ పగిలిందని చెబుతుంది గానీ ఎవరు పగలగొట్టారో చెప్పదు. ఇక 21 నంబరుది ఎన్నో రకాల కేన్సర్లలో పెరుగుతుంది. అందుకే షాంఘైలోని ఫుదాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఏడింటిని కలిపి ఒక ప్యానెల్ ప్రతిపాదించారు.

4. ఎవరితో పోల్చారని అడగండి. గోష్ఠుల్లో నేనెప్పుడూ అడిగే ప్రశ్న ఇదొక్కటే, అందుకే కొందరికి నచ్చేవాణ్ణి కాదు. పాతికేళ్ల ఆరోగ్యవంతుల రక్తాన్ని ముదిరిన రోగుల రక్తంతో పోలిస్తే ఏ పరీక్షైనా గొప్పగానే కనబడుతుంది. అసలు చిక్కు సిరోసిస్ వార్డులో ఉంది. అక్కడ అందరి కాలేయమూ దెబ్బతిన్నదే, వాళ్లలో చిన్న గడ్డ మొదలైంది ఎవరికో చెప్పాలి. షాంఘై వాళ్లు తమ పోలికలో సిరోసిస్ రోగులనూ, హెపటైటిస్-బి రోగులనూ చేర్చారు కాబట్టే ఆ పని మీద నాకు గౌరవం.

5. సగం తప్పులు సూది దగ్గరే జరుగుతాయి. రక్తం తీసే పిల్లలూ, ఇది మీకోసం. ఎర్ర కణాల నిండా 451, 16 నంబర్ల మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబును కుదిపినా ఆ కణాలు పగిలి అవన్నీ ప్లాస్మాలో కలుస్తాయి. 16నే కొలబద్దగా పెట్టుకున్న పరిశోధనలు చాలా ఉన్నాయి, ఇక ఆ లెక్క ఏమవుతుందో ఊహించుకోండి. హెపారిన్ ట్యూబు అసలే వద్దు, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ఈడీటీఏలో తీయండి, ఆలస్యం చేయకుండా ప్లాస్మా వేరు చేయండి. అది ఎర్రబారితే మొహమాటపడకండి, మళ్లీ తీయండి. సీరం ఫలితాన్నీ ప్లాస్మా ఫలితాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

6. రక్తపరీక్ష అనుమానం వరకే. సిరోసిస్ ఉన్నవాళ్లలో రంగు మందు ఎక్కించి తీసే సీటీ, ఎమ్మారైలే నిర్ధారిస్తాయి. ధమని దశలో గడ్డ మెరిసి, తర్వాతి దశలో చుట్టుపక్కల కంటే నల్లబడుతుంది. ఆ రెండూ స్పష్టంగా ఉంటే చాలాసార్లు బయాప్సీ కూడా అక్కర్లేదు.

7. పరీక్ష కంటే టీకా ముందు. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ కేన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బికి టీకాను చవగ్గా తెచ్చింది. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు తొలి డోసు వేయించండి. బూజు పట్టిన వేరుశనగను వలిచి ఏరుకుని తినకండి, పారేయండి. అందులోని అఫ్లాటాక్సిన్ హెపటైటిస్-బి ఉన్నవాళ్లకు ముప్పును చాలా పెంచుతుంది.

8. సిరోసిస్ ఉందని తెలిసినవాళ్లు కొత్త పరీక్ష వచ్చేదాకా ఆగొద్దు. ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్, దాంతోపాటు ఏఎఫ్‌పీ చేయించుకోండి. హెపటైటిస్-బి మాత్రమే ఉంటే మీకూ అది అవసరమో కాదో డాక్టరును అడగండి. పాత రిపోర్టులన్నీ ఒకే ఫైల్లో పెట్టి, వెళ్లిన ప్రతిసారీ పట్టుకెళ్లండి.