మధుమేహము – పట్టివేసిన భుజము – షాక్ వేవ్ చికిత్స

మన ఇండ్లలో నడివయస్సు దాటిన తల్లియో, మేనత్తయో ఒకనాడు జడ వేసికొనుటకు చేయి ఎత్తబోయి, బాధతో దింపివేయును. వాతమని నూనె రాచి ఊరకుందురు. నెలలు గడచిన కొలది ఆ చేయి వీపు వెనుకకు పోదు, అటకపైకి అందదు. రాత్రి ఆ వైపునకు ఒత్తిగిలినచో నిద్ర పట్టదు. దీనినే వైద్యులు ఫ్రోజెన్ షోల్డర్ అందురు. 1934లో అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్మన్ ఈ పేరు పెట్టెను.

భుజపు కీలు చుట్టును ఒక పలుచని సంచి కలదు. అది వాచి, మందమై, ముడుచుకొనిపోవుటయే ఈ వ్యాధి. రోగి ఎత్తలేని చేతిని మరియొకరు ఎత్తబోయినను అది కదలదు. ఇదియే దీని ముఖ్య లక్షణము. మొదట నొప్పి, తరువాత బిగుతు, పిమ్మట మెల్లగా సడలుట అను మూడు దశలలో ఇది ఒకటి మొదలు మూడేండ్ల వరకు సాగవచ్చును.

సామాన్య జనులలో నూటికి ఇద్దరు మొదలు ఐదుగురికి వచ్చు ఈ వ్యాధి మధుమేహ రోగులలో నూటికి పదిమందికి పైగా కనిపించును. దీనికి కారణమేమి? రక్తములో అధికమైన చక్కెర, కీలు సంచిలోని కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులకు అంటుకొని, వాటి మధ్య అడ్డుకట్లు వేయును. సాగవలసిన పోగులు అందువలన బిరుసెక్కునని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. కావుననే భుజము పట్టివేసినవారు తమ రక్తములోని చక్కెరను పరీక్షింపించుకొనుట మేలు. తెలియకయున్న మధుమేహము అట్లు బయటపడుటయు కలదు.

నొప్పి తగ్గించుటకు కీలులోనికి స్టెరాయిడ్ సూదిమందు ఇచ్చుట వాడుక. అయితే అది మధుమేహ రోగులలో కొన్ని దినములపాటు చక్కెరను పెంచును. ఈ చిక్కు లేని మార్గము కొరకు వెదకినవారి దృష్టి షాక్ వేవ్ చికిత్సపై పడినది.

షాక్ అనగానే విద్యుత్తు అని భయపడనక్కరలేదు. ఇది క్షణములో అత్యల్ప భాగమున ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి తగ్గు ధ్వని తరంగము. 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరమున మూత్రపిండములలోని రాళ్లను పగులగొట్టుటకు దీనిని మొదటిసారి మనిషిపై ప్రయోగించిరి. తరువాత, అంతకంటె తక్కువ శక్తితో, మడమ నొప్పికిని, స్నాయువుల నొప్పికిని వాడసాగిరి. భుజమునకు జెల్ రాచి, యంత్రపు కొనను ఆనించి, సాధారణముగా వారమునకొకసారి చొప్పున కొన్ని వారములు ఈ చికిత్స చేయుదురు. దీనివలన నొప్పి తెలుపు నరముల తీవ్రత తగ్గుననియు, రక్తప్రసరణ పెరుగుననియు భావింపబడుచున్నది. మధుమేహ రోగులపై జరిగిన కొన్ని చిన్న పరిశీలనలలో నొప్పి తగ్గి, చేయి కదలిక మెరుగైనది. అయినను పెద్ద సంఖ్యలో రోగులను దీర్ఘకాలము గమనించిన ఫలితములు ఇంకను చాలవు. గర్భిణులకును, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారికిని, ఆ చోట కంతిగాని చీముగాని ఉన్నవారికిని ఇది తగదు. స్పర్శ తగ్గిన మధుమేహ రోగులు ఆ సంగతిని వైద్యునికి ముందుగా చెప్పవలెను.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటి. యంత్రము నొప్పిని తగ్గించి త్రోవ చూపును. ఆ త్రోవన నడువవలసినది చేయియే. నొప్పికి వెరచి చేతిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నచో బిగుతు మరింత పెరుగును. గోడపై వ్రేళ్లను మెల్లమెల్లగా పైకి ప్రాకించుట, ముందునకు వంగి చేతిని గడియారపు లోలకమువలె ఊపుట వంటి వ్యాయామములను వైద్యుని సలహాతో ప్రతిదినము చేయవలెను. ఆహారమును, మందులను క్రమము తప్పక పాటించి చక్కెరను అదుపులో నుంచుకొనవలెను.

చదువుకొన్న మనము ఈ సెలవులలో ఇంటికి పోయినపుడు, చేయి నొచ్చుచున్నదని చెప్పక పనిచేసికొను పెద్దలను ఒకసారి గమనింతము. వారిని వేళకు వైద్యుని చెంతకు తీసికొనిపోవుట మన విధి.