మంచుచరియలు

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్ హిమానీనదముపై, సుమారు 19,600 అడుగుల ఎత్తుననున్న సోనం శిబిరముమీద గొప్ప మంచుగోడ విరిగిపడెను. పదిమంది సైనికులు దాని క్రింద చిక్కుకొనిరి. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకడు. లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ మాత్రము 8వ తేదీన ప్రాణములతో బయటపడెను. ఆ వీరుడును 11వ తేదీన ఢిల్లీలో కన్నుమూసెను.

మంచుచరియలు పలువిధములు. వానిలో తరచుగా ప్రాణములు హరించునది మంచుపలక. అది ఏర్పడు విధము తెలిసికొనదగినది.

పర్వతములపై మంచు పొరలు పొరలుగా నిలుచును. ఈ పొరలన్నియు ఒకే గట్టిదనము కలవి కావు. మంచు పలుచగానుండి చలి మిక్కుటమైనప్పుడు, అడుగుభాగము కొంత వెచ్చగను, పైభాగము అతిశీతలముగను ఉండును. అప్పుడు క్రిందినుండి నీటియావిరి పైకి వ్యాపించి, రేణువులను పంచదార పలుకులవంటి స్ఫటికములుగా మార్చును. వానికి ఒకదానితో నొకటి పట్టుండదు.

ఇక గాలి చేయు పని చూడుడు. తనకు ఎదురుగానున్న వాలుపైని మంచును అది ఎగురగొట్టి, శిఖరమునకు ఆవలి వాలున పోగుచేయును. ఆకాశము నిర్మలముగానున్నను అచట భారము పెరుగుచునే యుండును. గాలికి నలిగిన రేణువులు దట్టముగా కూడి పలకవలె గట్టిపడును. పట్టులేని పొరపై ఇట్టి పలక నిలిచినచో, ఒక్క మనుష్యుని అడుగు చాలును. పలక పగిలి వాలంతయు కదలును. 30 నుండి 45 డిగ్రీల వాలుగల చోట్ల ఈ అపాయము మెండు.

ప్రకృతి కొన్ని హెచ్చరికలు చేయకపోదు. కాలిక్రింద మంచు ధుమ్మని క్రుంగుట, పగుళ్లు ప్రాకుట, సమీపమున క్రొత్తగా చరియలు జారియుండుట అట్టివి. అవి కనబడినచో అనుభవజ్ఞులు వెనుదిరుగుదురు. అనుమానముగల వాలును దాటవలసివచ్చినచో ఒక్కొక్కరుగా దాటుదురు. తక్కినవారు కన్నార్పక చూచుచుందురు.

మన దేశమున 1969లో మనాలియందు మంచుచరియల పరిశోధనకు ఒక సంస్థ వెలసెను. 2020లో అది మరియొక రక్షణ పరిశోధన సంస్థలో కలిసినను, మంచును పరీక్షించి ముందుగా హెచ్చరించు పని నిలిచిపోలేదు.

అయినను ఎంతటి శాస్త్రమైనను మనుష్యుని జాగరూకతకు బదులు కాజాలదు. మంచులో పూడుకొనినవానిని పావుగంటలో వెలికితీసినచో బ్రతుకుటకు ఆశ మెండు. అరగంట గడచినచో ఆ ఆశ మిక్కిలి సన్నగిల్లును. దూరమునుండి సహాయము వచ్చునంతవరకు మృత్యువు వేచియుండదు. అట్టి వేళ చెంతనున్న తోటివాడే ప్రాణదాత.